నవ్వినందుకు రసీదు

కళ్ళజోళ్ళ షాపు సోమేశానికి జెయింట్ వీల్ పిచ్చి అని మా ఊరంతా చెప్పుకునేది. ఏటా పెళ్ళిరోజు నాడు షాపు మూసేసి, భార్య హైమావతిని స్కూటర్ ఎక్కించుకుని, గోదావరి గట్టు పక్కనున్న నందనసీమ వినోదవనానికి వెళ్ళి, ఆ చక్రం ఎక్కి దిగి వచ్చేవాడు. "ఈ వయసులో ఇదేం సరదా తల్లీ!" అని అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు? సోమేశానికి ఎత్తంటే హడలు. నిచ్చెనెక్కి అటక మీద డబ్బా దింపమంటే కాళ్ళు వణుకుతాయి. అతను అంత దూరం వెళ్ళేది చక్రం కోసం కాదు, హైమావతి నవ్వు కోసం.

హైమావతి గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ వరండాలో నడిచొస్తోందంటే పక్క క్లాసుల వాళ్ళు కూడా నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఆవిడ నవ్వగా చూసిన పిల్ల ఆ బళ్ళో లేదు. అలాగని పుట్టుకతో ముటముటలాడే మనిషేం కాదు. కాపురానికొచ్చిన కొత్తలో, సోమేశం పెదనాన్న కాఫీ తాగుతూ మీసాలకి మీగడ అంటించుకుని, అలాగే కూర్చుని వంశగౌరవం గురించి చెప్పడం మొదలెట్టాడు. కొత్తకోడలు ఫక్కుమంది. అదేం అల్లాటప్పా నవ్వు కాదు. వెక్కిళ్ళలా మొదలై, ఇంటికప్పు ఎగిరిపోయేలా పెరిగి, కళ్ళమ్మట ధారలు కారితే గానీ ఆగని నవ్వు. పెరట్లో గడ్డం గీసుకుంటున్న సోమేశం ఆ చప్పుడు విని సబ్బు నురగతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. పెదనాన్న విసిరికొట్టిన గ్లాసు నేల మీదుంది, కోడలు వంటింట్లో ఉంది. "కోడలు కాదురా ఇది, ఊరేగింపు!" అన్నాడు పెదనాన్న. ఆ రోజుతో హైమావతి తన నవ్వుకి మూత బిగించేసింది.

మళ్ళీ ఆ మూత ఊడింది నందనసీమ తెరిచిన ఏడు. చక్రం పైకెళ్ళి, గోదావరీ రైలు వంతెనా కనబడి, ఉన్నట్టుండి కిందికి జారేసరికి కడుపులో చక్కిలిగింతలు పుట్టి హైమావతికి వెక్కిళ్ళు మొదలయ్యాయి. సోమేశం కళ్ళు గట్టిగా మూసుకుని కడ్డీని కరుచుకున్నాడు గానీ, చెవులు మూసుకోలేదు. "హమ్మయ్య, ఉంది! ఎక్కడికీ పోలేదు!" అనుకున్నాడు. చక్రం ఆగి అతను కళ్ళు తెరిచేసరికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ లెక్కల టీచరైపోయింది. అయినా సరే, ఏడాదికోసారి ఆ నవ్వు చెవిన పడకపోతే సోమేశానికి ఏడాది గడిచినట్టే ఉండేది కాదు.

మొదట్లో నందనసీమ మనుషులు నడిపే చోటులాగే ఉండేది. గేటు దగ్గర దాలయ్య అని కాపలాదారు, పులిహోర డబ్బా మూత తీసి వాసన చూసి, "ఆవ పెట్టారా అమ్మా?" అని అడిగేవాడు. దోసెడు పులిహోర ఆకులో పెట్టి ఇస్తే, "వెళ్ళండి, వెళ్ళండి, పైన గాలి బాగుంది" అని పంపేవాడు. ఆ తర్వాత యాజమాన్యానికి బుద్ధి వికసించింది. టికెట్ పెంచారు. "పెంచరా మరి? ఇనుము ధర చూశావా?" అన్నాడు సోమేశం. స్కూటర్ నిలబెట్టినందుకు తీసుకున్నారు. "ఎండలో కాపలా కాయట్లా?" అన్నాడు. పులిహోరకి బయటి ఆహార అనుమతి రుసుము అన్నారు. "శుభ్రత కోసంలే" అన్నాడు. చెట్టు కింద నిలబడ్డవాళ్ళ దగ్గర నీడ రుసుము వసూలు చేశారు. "చెట్టుకి నీళ్ళు పొయ్యద్దూ?" అన్నాడు. చక్రం ముందు లైన్లో నిలబడే చోట 'నిరీక్షణానుభవ మండపం' అని బోర్డు తగిలించి, నిలబడ్డానికి వేరే టికెట్ పెట్టినప్పుడు మాత్రం బోర్డు రెండుసార్లు చదువుకున్నాడు. హైమావతి అతని వంక చూసింది.

"అనుభవమే కదా మరి" అన్నాడు నీళ్ళు నములుతూ.

సోమేశం షాపు పక్కనే ఉన్న చెప్పుల షాపు భూలోకం ఊరుకుంటాడా? "అది పార్కా, నీ అత్తారిల్లా బావా? ఎన్ని మాటలన్నా మళ్ళీ గుమ్మంలో తేల్తావు" అనేవాడు. సోమేశం అయితే షాపులో గల్లాపెట్టె వెనకాల ఆ చక్రం బొమ్మ అద్దం కట్టించి మరీ పెట్టుకున్నాడాయె.

ఇలా ఉండగా నందనసీమ నుంచి బంగారు అంచు కార్డొకటి వచ్చింది. ఏటా వచ్చేవాళ్ళందరికీ 'విశ్వాస సందర్శకుల ఆత్మీయ సమ్మేళనం' అట. సోమేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. షామియానా వేసి, పన్నీరు జల్లి, కుర్చీల్లో కూర్చోబెట్టారు. కుర్చీకి తీసుకున్నారనుకోండి. హైదరాబాదు నుంచి కొత్తగా దిగిన ముఖ్య ఆనంద అధికారి మకరంద్ గారు వేదికెక్కారు. కోటు, టై, దువ్వెనతో దువ్వినట్టున్న మీసం.

"గౌరవనీయ విశ్వాస సందర్శక మహాశయులారా! గత కొంతకాలంగా మీ అభిమానాన్ని మా సంస్థ లోతుగా అధ్యయనం చేయడం జరిగింది. అందులో భాగంగా ఒక మౌలిక సత్యం మా దృష్టికి రావడం జరిగింది. కొత్తవారు టికెట్ ధర వినగానే వెనుదిరగడం జరుగుతోంది. తమరు మాత్రం ఎంత పెంచినా విచ్చేయడం జరుగుతోంది. దీన్నిబట్టి ధరను భరించే శక్తి జేబులో లేదనీ, అభిమానంలో ఉన్నదనీ నిర్ధారించడమైనది. కావున ఇకపై అభిమానం అధికంగా గలవారికి అధిక ధర, స్వల్పంగా గలవారికి స్వల్ప ధర, బొత్తిగా లేనివారికి నామమాత్రపు ధర అమలు చేయడం జరుగుతుంది. దీనికి అభిమాన సుంకమని నామకరణం చేయడమైనది. ఇప్పుడు చప్పట్లు కొట్టవచ్చును."

అందరూ చప్పట్లు కొట్టేశారు. మావాళ్ళంతే, మైకులో మాట ఆగిందంటే చేతులు వాటంతటవే లేస్తాయి. చప్పట్లు అయ్యాక గానీ ఏమన్నాడో ఎవరికీ ఎక్కలేదు. సోమేశం లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అంటే ఏటా వచ్చే మాకు పెంచి, ఎప్పుడూ మొహం చూపించనివాళ్ళకి తగ్గిస్తారాండీ?"

"అత్యంత చక్కగా గ్రహించారు. తమరి పేరు?"

"సోమేశం అంటారండి."

మకరంద్ గారు చేతిలో ఉన్న కంప్యూటర్ పలక మీద వేలితో రాశారు. మొహం వెలిగిపోయింది. "సోమేశం గారా! ఆహా! మా రికార్డుల ప్రకారం తమరిది వజ్రశ్రేణి. అంతకు మించిన శ్రేణి మా సంస్థలో లేదు. తమరిని ఈ సందర్భంగా ఘనంగా సత్కరించుకోవడం జరుగుతుంది."

వేదిక మీదికి పిలిచి దండ వేశారు, ఎర్ర శాలువా కప్పారు, ఫొటో తీశారు. సోమేశానికి కంగారులో, చేతికిచ్చిన కాఫీ కొంచెం శాలువా మీద ఒలికింది కూడా. వజ్రశ్రేణి టికెట్ ఎంతో దిగొచ్చాక తెలిసింది. శాలువాని గేటు దగ్గర తిరిగిచ్చేసి వెళ్ళమన్నారు.

ఆ మర్నాటి నుంచి నందనసీమ గేటు దగ్గర వింత చూడాలి. జనం లైన్లో నిలబడి, ఈ చోటంటే తమకెంత రోతో ఏకరువు పెట్టుకోవడం మొదలెట్టారు. "మాకిష్టం లేదండీ బాబూ, మా ఆవిడ పోరు పడలేక వచ్చాను." "దారి తప్పి వచ్చామండి." "మా తోడల్లుడు తీసుకొచ్చాడు, వాడంటే కూడా నాకిష్టం లేదు." సంస్థ ఏమన్నా వెర్రిదా? నోటి మాట చెల్లదు, రుజువు కావాలంది. అభిమానానికి రుజువేమిటా అని కమిటీ కూర్చుని తర్జనభర్జన పడి, నవ్వు అని తేల్చింది. పసుపు కోట్ల వాళ్ళని కొందర్ని దింపారు. వాళ్ళు ఆనంద పరిశీలకులు. మెళ్ళో విజిలు, నడుముకి బస్సు కండక్టర్లకుండేలాంటి చీటీల మెషిను. పులిహోర దాలయ్యకి కూడా కాపలా మాన్పించి పసుపు కోటు తొడిగారు. పెదవి విచ్చుకుంటే ఒక రేటు, పళ్ళు కనబడితే ఒక రేటు, చప్పుడొస్తే ఇంకో రేటు, కన్నీళ్ళొస్తే అన్నిటికన్నా పై రేటు. ఆవలిస్తే రాయితీ. తుమ్ముకి మినహాయింపు ఉంది గానీ డాక్టరు సంతకం కావాలి.

ఇవేవీ పట్టించుకోకుండా ఆ ఏడు పెళ్ళిరోజుకి సోమేశం వెళ్ళాడు. చక్రం జారింది, హైమావతి నవ్వింది, కింద విజిలు మోగింది. దిగేసరికి దాలయ్య తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, తమరిది కన్నీళ్ళ తరగతండి. చక్రం ఆగేదాకా సాగింది. మధ్యలో ఊపిరి తీసుకున్న సమయం మటుకు తీసేశాను" అని చీటీ చింపి చేతిలో పెట్టాడు.

చీటీ మీద అంకె చూసి సోమేశం కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తప్పు అద్దాల్లో లేదని అతనికి తెలీదా? అదే అతని వ్యాపారమాయె. జేబులో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాడు. ఇంటి ముందు స్కూటర్ దిగాక హైమావతి అంది:

"నా నవ్వుకి చీటీ కొట్టారండీ. మీ పెదనాన్నే నయం, గ్లాసుతో సరిపెట్టాడు."

సోమేశానికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అయినా నందనసీమని ఒక్క మాట అనలేకపోయాడు. ఆ నవ్వు ఉన్నది అక్కడే కదా, అక్కడే కదా దొరికేది! మళ్ళీ ఏడు ఎలా తీసుకెళ్ళాలా అన్నదే అతని దిగులు. దారి చూపించింది భూలోకమే.

"కోచింగ్ పెట్టారు తెలుసా బావా?"

నిజమే. మనవాళ్ళ దగ్గర పరీక్ష పుట్టిందంటే కోచింగ్ దాని వెనకే పుడుతుంది. నవ్వని వాళ్ళకి తక్కువ ధర ఇవ్వడానికి సంస్థ 'విరక్తి అర్హత పరీక్ష' అని ఒకటి పెట్టింది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కోచింగ్ నడిపి విసిగిపోయిన రామభూషణం సారు గేటుకెదురుగా రేకుల షెడ్డులో 'నిర్వికార కోచింగ్ సెంటర్' తెరిచేశాడు. లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్, ఆడవాళ్ళకి ప్రత్యేక బ్యాచ్, హాస్టల్ వసతి.

ఇంట్లో చెప్పేసరికి హైమావతి కూరగాయలు తరగడం ఆపింది. "నవ్వకుండా ఉండటం నేను కొత్తగా నేర్చుకోవాలా? ఇన్నేళ్ళూ బళ్ళో చేసిందేవిటి?"

"బళ్ళో కాదు హైమా, చక్రం మీద."

"చక్రం మీద కూడా నవ్వకపోతే అంత దూరం వెళ్ళడం దేనికండీ?"

సోమేశం ఆలోచించుకునే ఉన్నాడు. "సర్టిఫికెట్ వస్తే సగానికి సగం తగ్గుతుంది. ముందు లోపలికి వెళ్ళనీ. పైకెళ్ళాక రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుకుందువు గాని. నా ఒక్కడికి వినపడితే చాలు."

ఆవిడ అతని మొహం చూసి, కత్తిపీట పక్కన పెట్టి, "ఎప్పటినుంచి క్లాసులు?" అంది. నవ్వు వినడం కోసం నవ్వు మాన్పించే చోట ఫీజు కట్టొచ్చిన మగాడు మా జిల్లాలో సోమేశం ఒక్కడే అనుకునేరు. ఆ షెడ్డు ముందు లైను రోడ్డు దాకా ఉంది.

రామభూషణం సారు పాఠం చెప్తే రాళ్ళు కూడా మరింత గట్టిపడాలి. "నవ్వు వస్తోందనగానే ఏం చెయ్యాలి? బ్యాంకులో కౌంటర్ దాకా వెళ్ళాక 'భోజన విరామం' అని పలక పెట్టడం గుర్తు తెచ్చుకోవాలి. అప్పటికీ ఆగకపోతే? మీ బామ్మర్ది ఇల్లు కట్టడం గురించి చెప్తున్నట్టు ఊహించుకోవాలి. ఆ, వెనక బెంచీ! ఆ మూతి ఏమిటి? లేచి నిలబడు!" రోజూ స్లిప్ టెస్టు, ఆదివారం గ్రాండ్ టెస్టు. గ్రాండ్ టెస్టుకి పాపం ఒక సర్కస్ బఫూన్ని పట్టుకొచ్చేవాళ్ళు. అతను పిల్లిమొగ్గలు వేసి, లాగూ జార్చుకుని, నెత్తిన గుడ్డు పగలగొట్టుకుని, ఎవరూ నవ్వకపోయేసరికి మూడో ఆదివారానికి వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పుడు ఒకావిడ ఓదార్పుగా చిరునవ్వు నవ్విందని ఆవిడకి మార్కులు కోసేశారు.

హైమావతి ఏ పనైనా సగం సగం చేసే మనిషి కాదు. బళ్ళో పిల్లలకి చెప్పినట్టే తనకి తానే చెప్పుకుని సాధన చేసింది. పరీక్షలో సోమేశం తప్పాడు. బఫూను వంక చూడమంటే అతను భార్య వంక చూశాడు, ఇప్పుడు నవ్వుతుందేమో, ఇప్పుడు నవ్వుతుందేమో అని అతని మూతే విచ్చుకుంది. హైమావతికి మొదటి ర్యాంకు వచ్చింది. రామభూషణం సారు ఆనందం పట్టలేక, అదీ బయటికి తెలియకుండా, బస్టాండ్ దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. రాయిలాంటి మొహంతో హైమావతి, పైన 'మా విద్యార్థినికే జిల్లా ప్రథమ విరక్తి', కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి'. బస్సు దిగినవాళ్ళు ఆ బొమ్మ చూసి ఊళ్ళో ఎవరో పెద్ద తలకాయ పోయిందనుకుని దండం పెట్టేవాళ్ళు.

మళ్ళీ పెళ్ళిరోజు వచ్చింది. హైమావతికి నిరాసక్త శ్రేణి, సోమేశానికి వజ్రశ్రేణి. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. అంతమంది జనం ఉన్నారు, ఒక్క గొంతు లేదు. రైలు బండి జర్రుమని పల్లంలోకి దూకుతోంది, అందులో మనుషులు కరెంటాఫీసులో బిల్లు కట్టడానికి కూర్చున్నవాళ్ళలా కూర్చున్నారు. నీళ్ళ జారుడు మీంచి ఒక పెద్దాయన చేతులు కట్టుకుని జారాడు. తల్లులు పిల్లల నోళ్ళకి రుమాళ్ళు కట్టారు. ఒక పిల్ల బుడగ చూసి కిలకిలమనబోతే, వాళ్ళ నాన్న, "ఎక్కాలు చదువు, ఎక్కాలు!" అని తొడపాశం పెట్టాడు. మైకులో మకరంద్ గారి గొంతు, "మీ సందర్శన ఆనందదాయకంగా సాగాలని కోరుకోవడం జరుగుతోంది" అని మాటిమాటికీ వినపడుతోంది.

చక్రం పైకెళ్ళింది. జారింది. సోమేశం కళ్ళు మూసుకుని చెవులు రిక్కించాడు. ఇనుము కిర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో చుట్టు తిరిగింది. ఇంకోటి. చక్రం పైన కాసేపు ఆగినప్పుడు, అన్నేళ్ళలో మొదటిసారి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని అతను కళ్ళు తెరిచాడు. హైమావతి ఒళ్ళో రుమాలు మడత పెట్టినట్టే ఉంది.

"ఎవరూ చూడట్లేదు హైమా. నవ్వు."

ఆవిడ పెదాలు కదిపింది. గొంతు సవరించుకుంది. గోదావరి వంక చూసింది, వంతెన వంక చూసింది. చివరికి చాలా నెమ్మదిగా అంది: "రావట్లేదండీ."

సోమేశానికి కాళ్ళ కింద భూమి లేదన్న సంగతి అప్పుడు గానీ నిజంగా తెలిసిరాలేదు. దిగొచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. దాలయ్య ఇద్దరి మొహాలూ చూసి, చీటీ కొట్టకుండా పక్కకి తప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక సోమేశం చెయ్యని ప్రయత్నం లేదు. ఒకరోజు పొద్దున్నే కాఫీ మీగడ వేలితో తీసి, మీసం లేకపోయినా ముక్కు కింద పూసుకుని, ఆవిడ ఎదురుగా కూర్చుని వంశగౌరవం గురించి మాట్లాడాడు. హైమావతి మొత్తం విని, తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది. "తుడుచుకోండి, చొక్కా మీద పడుతుంది" అంది. అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఏమీ లేదు. ఆ రోజు సోమేశానికి నందనసీమ మీద మొట్టమొదటిసారి ఒళ్ళు మండింది. డబ్బు లాగినప్పుడు పోనీలే అన్నాడు, నీడ అమ్మినప్పుడు పోనీలే అన్నాడు. ఇప్పుడు తన కొంపలో ఉన్న ఒక్క నవ్వునీ పీకి పారేశారు, దానికి ఫీజు తన చేత్తోనే కట్టించుకున్నారు. "వెధవని నేను, వెధవని!" అని తల కొట్టుకుని, షాపుకి వెళ్ళి చక్రం బొమ్మ దించేసి, భూలోకం షాపు వెనక టీ కాచుకునే పొయ్యిలో పెట్టేశాడు. భూలోకం ఆ మంట మీద టీ కాచి ఇద్దరికీ పోశాడు, ఎగతాళి మాత్రం చెయ్యలేదు.

అతనొక్కడే కాదు. సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళందరికీ అదే అయింది. చవగ్గా వెళ్ళడానికి ఇష్టం లేనట్టు నటించారు, నటించి నటించి నిజంగానే ఇష్టం చచ్చిపోయింది. సగం ధరన్నా ఎవరూ కదల్లేదు. చక్రం ఖాళీ డబ్బాలతో తిరిగింది. సంస్థ వార్షిక నివేదిక వేసింది: 'సందర్శకుల నిరాసక్తత లక్ష్యాన్ని నూటికి నూరు శాతం సాధించడం జరిగింది. ఇదే కాలంలో ఆదాయం సంపూర్ణంగా తగ్గడం జరిగింది. ఈ రెంటికీ ఏమైనా సంబంధం ఉన్నదేమో పరిశీలించుటకు ఉపసంఘాన్ని నియమించడమైనది.'

ఉపసంఘం ఏం తేల్చిందో గానీ, ఒక ఆదివారం పొద్దున బ్యాండు మేళంతో మకరంద్ గారు సోమేశం ఇంటి ముందు దిగారు. వెనకాల ఫొటోగ్రాఫరు, పళ్ళెంలో దండా శాలువా పట్టుకుని పసుపు కోటు దాలయ్య. వీధి వీధంతా గుమిగూడింది. ఇంటికొచ్చినవాడిని పొమ్మనలేక సోమేశం అరుగు మీద కుర్చీ వేశాడు. హైమావతి మర్యాదకి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చి, గుమ్మం పక్కన నిలబడింది.

మకరంద్ గారు శాలువా కప్పారు. సోమేశం అంచు తిప్పి చూశాడు.

"ఇది నేను తిరిగిచ్చిందేనండీ. కాఫీ మరక ఇక్కడే ఉంది."

"సంస్థ దేన్నీ వృథా చేయదు" అన్నారు మకరంద్ గారు కాఫీ గటగటా తాగుతూ. "విషయమేమిటంటే, బస్టాండ్ కూడలిలో మేడమ్ గారి విరక్త వదనం జిల్లా ప్రజల హృదయాల్లో ముద్రపడిపోవడం జరిగింది. ఆ వదనమే నవ్వుతూ మరో ఫ్లెక్సీ మీద దర్శనమిస్తే జనం తిరిగి రావడం జరుగుతుందని ఉపసంఘం అభిప్రాయపడింది. మేడమ్ గారు ఒక్కసారి నవ్వాలి. ఇప్పుడు రుసుము తమరు చెల్లించనక్కర్లేదు, సంస్థే చెల్లిస్తుంది. ఒప్పందపత్రం సిద్ధం."

"నాకు నవ్వు రాదండి" అంది హైమావతి.

"ఎలా నవ్వాలో మేము శిక్షణ ఇవ్వడం జరుగుతుంది!" మకరంద్ గారు గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డారు. దువ్విన ఆ మీసం పొడుగునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, తెల్లగా మీగడ పట్టేసి ఉంది. ఆయనకి తెలీదు. చెప్పే ధైర్యం దాలయ్యకి లేదు. "ఇది మా సంస్థ ఆమోదించిన ప్రామాణిక నవ్వు. ప్రథమ దశలో పెదవులు విచ్చుకోవడం జరుగుతుంది. ద్వితీయ దశలో దంతాలు గోచరించడం జరుగుతుంది. తృతీయ దశలో, హ. హ. హ."

అది వినగానే సైగ అనుకుని బ్యాండు వాళ్ళు ఢమాల్న వాయించారు. మకరంద్ గారు ఉలిక్కిపడి, మీగడ మీసంతో, గంభీరంగా, "చతుర్థ దశ ఇంకా ఉన్నది!" అన్నారు.

గుమ్మం దగ్గర ఒక వెక్కిలి వినపడింది.

సోమేశం గిరుక్కున తిరిగాడు. ఇంకో వెక్కిలి. హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బ్యాంకు కౌంటర్ గుర్తు తెచ్చుకుందో, తమ్ముడి ఇంటి ప్లానే గుర్తు తెచ్చుకుందో, ఏదీ ఆగలేదు. కొంగు జారిపోయింది, ద్వారబంధం పట్టుకుని, వంగిపోయి, వీధి చివరిదాకా వినపడేలా ఆవిడ నవ్వింది. మకరంద్ గారి చేతిలో గ్లాసు ఠంగుమని కిందపడి దొర్లింది.

పీ... మని విజిలు మోగింది. దాలయ్య చీటీ చింపి, చింపాక తనేం చేశాడో తెలిసి, నాలిక కరుచుకున్నాడు.

"ఏమయ్యా, బుద్ధుందా?" అన్నారు మకరంద్ గారు.

"అలవాటైపోయిందండయ్యా. కన్నీళ్ళ తరగతి కదా, చెయ్యి ఆగలేదు."

"రద్దు చెయ్యి!"

"రద్దు చేసే మీట దీంట్లో లేదండయ్యా. తమరే వద్దన్నారు."

మకరంద్ గారు చీటీ వంక చూశారు, నవ్వుతున్న హైమావతి వంక చూశారు, టై సర్దుకున్నారు. "మేడమ్, నమోదైన నవ్వును రద్దు చేయు నిబంధన లేనందున, తమరు ముందుగా ఈ మొత్తాన్ని చెల్లించి..."

మిగతాది ఎవరికీ వినపడలేదు. ముందు భూలోకం పగలబడ్డాడు, తర్వాత వీధంతా. బ్యాండు వాళ్ళు వాయిద్యాలు దించి పొట్టలు పట్టుకున్నారు. దాలయ్య చెయ్యి ఆగక మెషిను తిప్పుతూనే ఉన్నాడు, తనూ నవ్వుతున్నాడు, చీటీల చుట్ట అయిపోయేదాకా.

సోమేశం శాలువా మడిచి మకరంద్ గారి భుజాన వేశాడు. "నాదీ, మా వీధిదీ అంతా కలిపి రాసుకోండయ్యా. ఎగ్గొట్టం. వసూలు మాత్రం మీ గేటు దగ్గర చేసుకోండి, మేం వచ్చినప్పుడు. ముందు ఆ మూతి తుడుచుకోండి."

కారు వీధి మలుపు తిరిగినా హైమావతి ఆగలేదు. అరుగు మీద కూలబడి, కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ మొదలెట్టడం. సోమేశం ఎదురుగా నేల మీద చతికిలబడి ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. నవ్వితే ఆవిడ ముక్కు ముడతలు పడుతుంది. ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడుతుంది. ఇన్నేళ్ళూ అంతంత పోసి, చక్రమెక్కి, కళ్ళు మూసుకుని ఆ నవ్వు విన్నాడే గానీ, చూడటం అతనికి అదే మొదటిసారి.